స్మార్ట్ బ్యాగు కొంటున్నారా? ముందు కాటా వేయండి

క్యాంపస్ సెలక్షన్ అయింది. ఆఫర్ లెటర్ మెయిల్‌కు వచ్చింది. జాయినింగ్ బెంగళూరులోనో, హైదరాబాద్‌లోనో, పుణెలోనో. ‘మంచి బ్యాగు ఒకటి కొనుక్కోరా’ అని నాన్న డబ్బులు చేతిలో పెడతారు. ఫోన్ తెరిస్తే స్మార్ట్ క్యాబిన్ బ్యాగులు వరసగా కనిపిస్తాయి. యూఎస్‌బీ పోర్టు, వేలిముద్ర తాళం, జీపీఎస్, తన బరువు తానే చెప్పే హ్యాండిల్... ధర చూస్తే మామూలు బ్యాగుకు రెండింతలు, మూడింతలు.

కొనొచ్చా? కొనొచ్చు. కానీ ఒక్క నిమిషం ఆగండి. ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల పిల్లలకు సరుకు చూసి ధర కట్టడం ఎవరూ నేర్పక్కర్లేదు. మిర్చి యార్డులో కాయ చేతిలోకి తీసుకుని రంగు, తేమ చూశాకే ధర చెబుతారు. సీసీఐ పత్తి కొనుగోలు కేంద్రంలో తేమ 12 శాతం దాటితే బండి వెనక్కే. మనం అమ్మేటప్పుడు ఇంత పరీక్ష ఉంటే, కొనేటప్పుడు మనమెందుకు చేయకూడదు?

ఒక చిన్న లెక్క. 2025-26 సీజన్‌లో పొడవు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. అంటే ఎనిమిది వేల బ్యాగు మీ ఇంట్లో క్వింటా పత్తితో సమానం. అదీ విత్తనం, మందులు, తీత కూలి ఖర్చులు తీయకముందు.

మీ ప్రయాణం ఏది?

ప్రకటనలో బ్యాగు నున్నటి విమానాశ్రయం గచ్చు మీద దొర్లుతూ ఉంటుంది. మీ బ్యాగు ఎక్కడ దొర్లుతుందో ఆలోచించండి. గుంటూరులో గానీ ఒంగోలులో గానీ ప్రయాణికుల విమానాశ్రయం లేదు. విమానం ఎక్కాలంటే గన్నవరమో, శంషాబాదో, చెన్నైయో వెళ్లాలి. మొదటి ఏడాది మీ రాకపోకలు చాలావరకు ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లోనో, నారాయణాద్రిలోనో, చిలకలూరిపేట బైపాస్‌లో రాత్రిపూట ఎక్కే స్లీపర్ బస్సులోనో సాగుతాయి. ఊళ్లో కంకర రోడ్డు, బస్సు డిక్కీ, స్టేషన్ మెట్లు, చివరికి లిఫ్టు లేని పీజీ హాస్టల్లో మూడో అంతస్తు... ఇదీ మీ బ్యాగు దారి. ఈ దారిలో ముందు నిలబడాల్సింది చక్రం, జిప్పు, హ్యాండిల్. చిప్పు సంగతి తర్వాత.

పనికొచ్చేవి ఇవీ

స్మార్ట్ బ్యాగులో అంతా ఆర్భాటమే అనుకోవద్దు. కొన్ని నిజంగా అక్కరకొస్తాయి.

ఛార్జింగ్ పోర్టు: రాత్రి రైల్లో ఛార్జింగ్ పాయింట్ దొరక్కపోతే పొద్దున దిగేసరికి ఫోన్ చచ్చిపోతుంది. క్యాబ్ బుకింగ్, హెచ్‌ఆర్ నంబర్, రూమ్ అడ్రస్ అన్నీ అందులోనే కదా. అప్పుడు బ్యాగు పోర్టు ఆదుకుంటుంది. అయితే ఒక మెలిక. పోర్టు ఉన్నంత మాత్రాన బ్యాటరీ ఉన్నట్టు కాదు. చాలా బ్యాగుల్లో ఉండేది పోర్టు, ఒక కేబులే. పవర్ బ్యాంకు మీరే కొని లోపల పెట్టుకోవాలి.

ఆచూకీ చెప్పే ట్రాకర్: సామాను ఒకచోట, మనిషి మరోచోట మిగిలిపోయినప్పుడు ఇది ఉపయోగమే. కానీ జీపీఎస్, బ్లూటూత్ ఒకటి కావు. జీపీఎస్ ట్రాకర్ దూరం నుంచి కబురు పంపాలంటే సిమ్ కావాలి, దానికి డేటా ఖర్చు ఉంటుంది. ఉత్త బ్లూటూత్ అయితే పది మీటర్లు దాటాక కష్టమే. 2021లో వచ్చిన ఎయిర్‌ట్యాగ్ లాంటివి చుట్టుపక్కల ఉన్న ఇతరుల ఫోన్ల సాయంతో చోటు చెబుతాయి. ఏదైనా ఆచూకీ చెబుతుందే గానీ బ్యాగును తెచ్చిపెట్టదు. రైల్లో సామాను పోతే 139కి ఫోన్ చేయాల్సిందే.

బరువు చూపే హ్యాండిల్: విమానానికి పనికొస్తుంది. కానీ చేతి త్రాసు కొన్ని వందల్లోనే దొరుకుతుంది, ఇల్లంతా వాడుకోవచ్చు.

ఇబ్బందులు ఎక్కడ?

వేలిముద్ర తాళం చెమట చేతులకు, దుమ్ము చేతులకు ఒక్కోసారి పలకదు. ఛార్జింగ్ అయిపోతే అసలే పలకదు. జాయినింగ్ రోజు పొద్దున్నే ఒరిజినల్ సర్టిఫికెట్లు లోపల, మీరు బయట ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. విడిగా తాళంచెవి లేని బ్యాగును తీసుకోవద్దు.

రెండోది యాప్. కంపెనీ ఉన్నంతవరకే యాప్. బ్లూస్మార్ట్ అనే అమెరికా కంపెనీ 2014లో ఇంటర్నెట్ చందాలతో మొదలై స్మార్ట్ సూట్‌కేసులకు పెద్ద పేరు తెచ్చింది. 2018 మేలో అదే కంపెనీ మూతపడింది. వారంటీలూ దాంతోపాటే పోయాయి. బ్యాగు పదేళ్లు మన్నే వస్తువు. లోపలి ఎలక్ట్రానిక్స్ అన్నేళ్లు ఉంటాయని ఎవరూ హామీ ఇవ్వలేరు.

మూడోది, ‘టీఎస్‌ఏ లాక్’ అంటూ గొప్పగా చెప్పే తాళం. అమెరికా విమానాశ్రయాల్లో తనిఖీ సిబ్బంది మాస్టర్ కీతో తెరవడానికి వీలుగా చేసిన తాళం ఇది. ఎంఎస్‌కు వెళ్లేవారికి పనికొస్తుంది. ఆ మాస్టర్ కీల నమూనాలు 2015లోనే ఇంటర్నెట్‌లోకి వచ్చేశాయి కాబట్టి దీన్ని మహా భద్రత అనుకోకండి. స్లీపర్ కోచ్‌లో కింది బెర్తుకు కట్టే గొలుసూ తాళమే మేలు.

అసలు మెలిక బ్యాటరీ

బ్లూస్మార్ట్‌ను దెబ్బతీసింది బ్యాటరీయే. లిథియం బ్యాటరీ వేడెక్కి అంటుకుంటే విమానం అడుగున సామాన్ల గదిలో ఆర్పడం కష్టం. క్యాబిన్‌లో అయితే సిబ్బంది కంట పడుతుంది. అందుకే బ్యాటరీ ఊడదీయడానికి వీల్లేని స్మార్ట్ బ్యాగులను 2018 జనవరి 15 నుంచి విమాన సంస్థలు తిప్పికొట్టడం మొదలుపెట్టాయి. ఇప్పటికీ రూలు అదే. బ్యాటరీ ఊడి రావాలి. బ్యాగును చెక్-ఇన్‌లో వేస్తే బ్యాటరీ మాత్రం మీతో క్యాబిన్‌లోకి రావాలి. పైన అరల్లో చోటు లేక గేటు దగ్గర మీ బ్యాగు కిందకు పంపినా అంతే, ముందు బ్యాటరీ తీసుకోవాలి.

2025 జనవరి 28న దక్షిణ కొరియాలోని బుసాన్‌లో ఎయిర్ బుసాన్ విమానం బయల్దేరకముందే పై అరలో మంటలు లేచాయి. అనుమానం పవర్ బ్యాంకు మీదకే వెళ్లింది. ఆ తర్వాత చాలా సంస్థలు విమానంలో పవర్ బ్యాంకు వాడకాన్ని కట్టడి చేశాయి. టికెట్ కొన్నాక మీ విమాన సంస్థ వెబ్‌సైట్‌లో తాజా నిబంధన ఒకసారి చూసుకోండి.

మామూలు పరిమితి 100 వాట్ అవర్లు. లెక్క తేలికే. ఎంఏహెచ్‌ను 3.7తో గుణించి వెయ్యితో భాగించండి. 10,000 ఎంఏహెచ్ అంటే 37. 20,000 అంటే 74. రెండూ పరిమితిలోనే. అంకెలు చెరిగిపోయిన పవర్ బ్యాంకును మాత్రం భద్రతా సిబ్బంది పక్కన పెట్టేయొచ్చు.

ఏడు కిలోల సంగతి

దేశీయ విమానాల్లో ఎకానమీ ప్రయాణికుడి చేతి బ్యాగుకు సాధారణంగా 7 కిలోలే పరిమితి. బ్యాటరీ, మోటారు, గట్టి పెంకు కలిసి బ్యాగే నాలుగు కిలోలు ఉంటే మిగిలేది మూడు. ల్యాప్‌టాప్, ఛార్జర్ పెడితే రెండున్నర పోయింది. ఇక సర్టిఫికెట్ల ఫైలు, ఒక జత బట్టలు ఎక్కడ పెడతారు? రెండున్నర కిలోల సాదా బ్యాగు తీసుకుంటే అదే ప్రయాణంలో కిలోన్నర మిగులుతుంది. రైల్లో ఈ బాధ లేదు. స్లీపర్, థర్డ్ ఏసీల్లో 40 కిలోల దాకా ఉచితం.

ఇంకోమాట. అమ్మ కట్టిచ్చే గుంటూరు కారం, పండుమిరప పచ్చడి విమానంలో చేతి బ్యాగులో పెట్టకండి. భద్రతా తనిఖీలో తీయించేస్తారు. బాగా సీలు వేయించి చెక్-ఇన్ బ్యాగులో సర్దండి. సర్టిఫికెట్లు, పాస్‌పోర్టు, ఆఫర్ లెటర్ మాత్రం ఎప్పుడూ చేతి బ్యాగులోనే.

ఎవరికి ఏది?

నెలకు రెండు మూడు సార్లు విమానం ఎక్కించే కన్సల్టింగ్, సేల్స్, ఆన్‌సైట్ ఉద్యోగమైతే మంచి స్మార్ట్ బ్యాగు డబ్బు రాబడుతుంది. అదీ బ్యాటరీ ఊడేదైతేనే. అప్పటికి మీకు జీతమూ వస్తూ ఉంటుంది.

పండక్కి, శుభకార్యాలకు మాత్రమే ఇంటికొచ్చే కొత్త ఉద్యోగికి వేరే దారి ఉంది. గట్టి చక్రాల సాదా బ్యాగు ఒకటి, 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు ఒకటి, మీ ఫోన్‌కు సరిపోయే ట్రాకర్ ట్యాగు ఒకటి విడివిడిగా కొనండి. ఒకటి పాడైతే అదొక్కటే మారుతుంది. ముఖ్యమైన స్మార్ట్ సౌకర్యాలు రెండూ చేతికొస్తాయి, డబ్బూ మిగులుతుంది.

షాపులో ఈ అయిదూ అడగండి

• బ్యాటరీ ఉందా? ఉంటే స్క్రూడ్రైవర్ లేకుండా చేత్తో ఊడుతుందా? నా ముందే తీసి చూపిస్తారా?
• ఖాళీ బ్యాగు బరువెంత? కొలతలు నేనెక్కే విమాన సంస్థ చెప్పినదానికి లోబడి ఉన్నాయా?
• ఛార్జింగ్ లేకపోతే తాళం ఎలా తెరవాలి?
• ట్రాకర్‌కు నెలనెలా డబ్బు కట్టాలా?
• చక్రం విరిగితే గుంటూరులోనో ఒంగోలులోనో బాగుచేసేవారు ఉన్నారా, లేక బ్యాగును కొరియర్‌లో పంపాలా?

వీటికి సూటిగా జవాబు రాకపోతే ఆ బ్యాగు అక్కడే పెట్టేయండి.

జాయినింగ్ రోజు హెచ్‌ఆర్ మీ బ్యాగు చూడరు. సర్టిఫికెట్లు చూస్తారు, సమయానికి వచ్చారా అని చూస్తారు. మిగిలిన నాలుగైదు వేలు మొదటి జీతం పడేదాకా మెస్ బిల్లుకు, బస్ పాస్‌కు ఆసరా. ఆ నెల ఇంటికి ఫోన్ చేసి ‘నాన్నా, డబ్బులు పంపించొద్దు, ఉన్నాయి’ అని చెప్పగలిగితే, కాటా సరిగ్గా వేసినట్టే.