వెలివేసిన ద్రాక్ష

సంచికకు ఏదో ఒకటి వ్రాసిమ్మని మా కార్యదర్శి నెల రోజులు వెంటపడ్డాడు. తీరా విషయం చెప్పగానే, "వైనా? ప్రిన్సిపాల్ గారు చదువుతారురా బాబూ!" అని బిక్కమొహం వేశాడు. ఇది తాగుడు పాఠం కాదనీ, ఒక బోటనీ విద్యార్థి గోడు మాత్రమేననీ నచ్చజెప్పి రాస్తున్నాను. మన ఊళ్ళలో "వైన్స్" అని బోర్డు కట్టిన కొట్లో బ్రాందీ, విస్కీలదే రాజ్యం. అసలు వైన్ అంటే పులిసిన ద్రాక్షరసం, అంతే. బట్టీ పెట్టి దించేది కాదు.

కిందటేడు లాబరేటరీ పనిమీద మూడు నెలలు ఫ్రాన్సులోని డిజాన్‌లో ఉన్నాను. పూర్వం బర్గండీ డ్యూకుల రాజధాని అది. నాకు గది అద్దెకిచ్చిన పెద్దావిడ ఒక ఆదివారం భోజనానికి పిలిచి, పలచని ఎర్ర వైన్ పోసింది. పేరు పాస్‌తూగ్రాన్. మర్నాడు లాబ్‌లో ఆ పేరు చెబితే ఒకాయన ముక్కు చిట్లించి, "అదా! కలగూరగంప" అన్నాడు. నాకెందుకో చివుక్కుమంది.

కలగూరగంప అన్నమాట అబద్ధం కాదు. పినో న్వార్ అనే దొరగారి ద్రాక్ష, గామే అనే రైతు ద్రాక్ష, రెండింటినీ ఒకే తొట్టిలో పోసి పులియబెట్టడం దీని ఆనవాయితీ. పినో కనీసం నూటికి 30 పాళ్ళు, గామే కనీసం 15 పాళ్ళు ఉండాలని నిబంధన. 1937లో ప్రభుత్వ గుర్తింపు వచ్చింది.

గామే చేసిన నేరమల్లా విరగకాయడం! పినో కన్నా సుమారు రెండు వారాలు ముందే పండుతుంది కూడా. రైతుకి అంతకన్నా ఏం కావాలి? కాని ఫిలిప్ అనే డ్యూకు తన సీమ వైన్‌కి చెడ్డపేరొస్తుందని, 1395లో దాన్ని ద్రోహి మొక్కగా నిందించి, పీకి పారెయ్యమని శాసనం చేశాడు. దక్షిణాన బోజొలే కొండల్లో అది దర్జాగా బతికింది. బర్గండీలోనూ పూర్తిగా పోలేదు.

అసలు సంగతి 1999లో బయటపడింది. అమెరికాలోని డేవిస్, ఫ్రాన్సులోని మోంపెలియే శాస్త్రజ్ఞులు డి.ఎన్.ఎ. పరీక్షించి చూస్తే, గామేకి పినో స్వయానా కన్నబంధువు! రెండో వైపు గ్వే బ్లాన్ అనే నాసిరకం తెల్లద్రాక్ష. డ్యూకు వెళ్ళగొట్టింది తన ముద్దుల ద్రాక్ష బిడ్డనే. మన భాషలో వర్ణసంకరం అంటారు కదూ. ఖరీదైన తెల్ల వైన్ ఇచ్చే షార్డొనే కూడా ఆ జంట సంతానమే. దాన్ని మాత్రం ఎవరూ ఏమీ అనరు!

ఇక తిండి. జామపిందె కొరికితే నోరు బిగుసుకుంటుందే, అలాంటి వగరే ఎర్ర వైన్‌లో తొక్కల నుంచీ గింజల నుంచీ దిగుతుంది. వగరు ఎక్కువున్న వైన్‌కి కొవ్వు పట్టిన మాంసం కావాలి. పాస్‌తూగ్రాన్‌లో వగరు తక్కువ, పులుపు చురుకు. అందుకే తేలిక వంటలతో కుదురుతుంది. పెద్దావిడ ముందు గూజేర్లు పెట్టింది. బోండాల్లా గుండ్రంగా ఉంటాయి గాని నూనెలో వేయించరు, పొయ్యి పెట్టెలో కాలుస్తారు. జున్ను కలిపిన పిండి, లోపల డొల్ల. తరవాత పార్స్‌లీ ఆకు వేసి ముద్దగా పేర్చిన చల్లని పందిమాంసం ముక్కలు. ఆఖర్న మెరెత్ గుడ్లు. ఎర్ర వైన్‌లో ఉల్లిపాయ, పందిమాంసం ముక్కలు వేసి చిక్కబడేదాకా మరిగించి, పెంకు తీసి ఉడికించిన గుడ్లమీద పోస్తారు. పచ్చసొన నోటికి పూతలా పడుతుంది. ఈ వైన్ పులుపు దాన్ని కడిగేస్తుంది. సీసాని నేలమాళిగ నుంచి చల్లగా, 13, 14 డిగ్రీల్లో తేవాలని ఆవిడ పట్టుదల. వెచ్చబడితే మద్యం ఘాటే పైకి తేలుతుందట.

బుద్ధి తక్కువై మా అమ్మ పంపిన గోంగూర పచ్చడి తీశాను. ఆ పులుపు ముందు వైన్ నీళ్ళలా తేలిపోయింది. పైగా మద్యం తగిలి మిరప మంట రెట్టింపు! ఇద్దరం కన్నీళ్ళు పెట్టుకుని మంచినీళ్ళు తాగాం. పచ్చడి జాడీ మాత్రం ఆవిడ తిరిగి ఇవ్వలేదు. రొట్టె మీద రాసుకుంటుందట.