నియమమా, నిర్వచనమా? – యంత్ర తర్కంలో రెండు దారులు

సరిహద్దు గ్రామాలలో ఇల్లు ఒక రాష్ట్రంలోను, పొలం పక్క రాష్ట్రంలోను ఉండటం కొత్త కాదు. వియ్యాల మూలంగా ఒకే కుటుంబం వివరాలు రెండు రాష్ట్రాల దస్త్రాలలో ఉంటాయి. ఆ దస్త్రాలు కంప్యూటరుకెక్కినప్పుడు, యంత్రం వాటి నుండి ఏమి గ్రహిస్తుందన్నది దానికి నేర్పిన తర్కాన్ని బట్టి ఉంటుంది. అట్టి తర్కాలలో ముఖ్యమైనవి రెండు: నియమ భాషలు, ఆంటాలజీ తర్కాలు.

నియమ భాష "ఇలా ఉంటే అలా" అని చెప్పే భాష. డేటాలాగ్ ఇందుకు ఉదాహరణ. "ఇల్లు ఏ ఊరిలో ఉన్నదో పొలమూ ఆ ఊరిలోనే ఉంటే అతడు స్థానిక రైతు" అని దానిలో ఒక్క వాక్యంలో చెప్పవచ్చు.

ఆంటాలజీ తర్కం వర్గాలను, బంధాలను నిర్వచిస్తుంది. 2004 ఫిబ్రవరిలో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం ప్రమాణంగా ఆమోదించిన ఓ.డబ్ల్యు.ఎల్. ఈ కోవకు చెందినది. "ప్రతి మనిషికీ తల్లి ఉంటుంది" అని చెబితే, పేరు తెలియకపోయినా ఆ తల్లి ఉన్నదని అది గ్రహిస్తుంది. డేటాలాగ్‌కు పేరున్నవారే ఉన్నవారు. "ఈ ఊరు కర్ణాటకలోనైనా, ఆంధ్రప్రదేశ్‌లోనైనా ఉండాలి" అన్నప్పుడు, రెండింటా ఫలితం ఒకటే అయితే, ఏ రాష్ట్రమో తేలకుండానే ఆంటాలజీ ఆ ఫలితాన్ని చెప్పగలదు.

అయితే దాని నిర్వచనాలు చెట్టులా కొమ్మలుగా విస్తరిస్తాయి. రెండు కొమ్మలు తిరిగి ఒకే చోట కలవాలని చెప్పడం కష్టం. అందుచేత ఇల్లు, పొలం ఒకే ఊరిలో ఉండాలన్న షరతు అందులో ఇమడదు. "తల్లి సోదరుడు మేనమామ" అన్న మాట సైతం 2004 నాటి రూపంలో చెప్పడానికి వీలులేకపోయింది. 2009లో వచ్చిన రెండవ రూపం బంధాలను గొలుసుగా కూర్చే వీలు కల్పించి ఈ లోటు తీర్చింది.

రెండింటినీ కలిపితే? 2004 మే నెలలో ఎస్.డబ్ల్యు.ఆర్.ఎల్. అనే ప్రతిపాదన అందుకే వచ్చింది. కాని హద్దు లేకుండా కలిపితే, ప్రతి ప్రశ్నకూ తప్పక జవాబు తేల్చగల పద్ధతి ఏదీ మిగలదు. నియమాలను దస్త్రంలో పేరున్నవారికే పరిమితం చేయడం దీనికి ఒక విరుగుడు.

వీటన్నిటికన్నా కుటుంబాలకు దగ్గరి భేదం మరొకటి ఉంది. కాన్పుకు పుట్టింటికి వెళ్ళిన ఆడపడుచు బిడ్డ జననం బళ్ళారిలో నమోదైందనుకుందాం. అనంతపురం దస్త్రం ఒక్కటే చూసినప్పుడు, నియమ భాషలు, డేటాబేసులు సాధారణంగా "నమోదు కాలేదు" అంటాయి. ఆంటాలజీ "తెలియదు" అంటుంది. దస్త్రం సంపూర్ణమైనప్పుడు మొదటి పద్ధతి మేలు. సరుకులు అందనివారి జాబితా దానితోనే తేలుతుంది. వివరాలు రెండు చోట్ల చెదిరి ఉన్నప్పుడు రెండవదే న్యాయం. యంత్రం "లేదు" అన్నప్పుడు, లేదని తెలిసి అన్నదా, కనబడక అన్నదా అని అడిగి తెలుసుకోవడం అవసరం.