కారులోని పెట్రోలు పంపు

నేటి పెట్రోలు కార్లు పెక్కింటిలో తాళము త్రిప్పినతోడనే, వెనుకవైపున రెండు సెకండ్లపాటు సన్నని రొద వినవచ్చును. అది పెట్రోలు ట్యాంకులో మునిగియుండు విద్యుత్ పంపు ధ్వని. పూర్వపు కార్లలో ఇంజనే పంపును నడుపుచుండెడిది. నేడు పంపునకు ఆజ్ఞ యొసగునది ఒక చిన్న కంప్యూటరు. కొన్ని కార్లలో ఇది అవసరమును బట్టి పంపు వేగమును గూడ హెచ్చించి తగ్గించును. ప్రమాదమున ఇంజను ఆగినచో పంపును వెంటనే నిలిపివేసి, తెగిన గొట్టమునుండి పెట్రోలు చిమ్మి మంటలు రేగు భయమును తగ్గించును.

అయినను ఒక జాగ్రత్త మనదే. పంపును చల్లబఱచునది పెట్రోలే. ట్యాంకు అడుగంటువఱకు నడపుట అలవాటైనచో, పంపు వేడెక్కి త్వరలోనే చెడును. పిల్లలతో నడిత్రోవలో నిలిచిపోవలసి వచ్చును. కావున సోదరీమణులారా, ముల్లు పావువంతునకు దిగకమునుపే పెట్రోలు పోయించుకొనుడు.