బార్బడోస్‌కు వీసా అక్కర్లేదు... దారికే కావాలి!

2024 జూన్ 29 రాత్రి మనలో చాలామంది నిద్రపోలేదు. బ్రిడ్జ్‌టౌన్‌లోని కెన్సింగ్టన్ ఓవల్‌లో దక్షిణాఫ్రికా మీద 7 పరుగుల తేడాతో గెలిచి భారత జట్టు టీ20 ప్రపంచకప్ అందుకుంది. తర్వాత జరిగింది కూడా గుర్తుండే ఉంటుంది. బెరిల్ హరికేన్ వస్తోందని అక్కడి ఎయిర్‌పోర్టు మూసేశారు. మన హైదరాబాదీ సిరాజ్‌తో సహా జట్టంతా హోటల్లోనే ఉండిపోయింది. ప్రత్యేక విమానం వెళ్లి తీసుకొచ్చాక, ఢిల్లీలో దిగేసరికి జులై 4 అయింది. ప్రపంచకప్ గెలిచినవాళ్లకే ఆ తిప్పలు తప్పలేదు. మనకోసం ప్రత్యేక విమానం ఎవరూ పంపరు కాబట్టి, అక్కడికి వెళ్లాలనుకునేవాళ్లు కాస్త ముందే లెక్కలు వేసుకోవాలి.

ఆ ఫైనల్ తర్వాత మన కుర్రకారు ట్రావెల్ లిస్టులో బార్బడోస్ చేరిపోయింది. నిడివి 34 కిలోమీటర్లు, వెడల్పు 23 కిలోమీటర్లు మాత్రమే ఉండే దీవి. జనాభా మూడు లక్షల లోపే. అయినా సోబర్స్‌నీ, వారెల్, వీక్స్, వాల్‌కాట్ అనే ముగ్గురు డబ్ల్యూలనీ, పాటల రాణి రిహానానీ ఇచ్చింది. పైగా ‘ఇండియన్ పాస్‌పోర్టుకి వీసా ఫ్రీ’ అన్న మాట చూడగానే, ఆఫర్ లెటర్ చేతికొచ్చి జాయినింగ్ డేట్ కోసం ఎదురుచూస్తున్నవాళ్లకూ, అమెరికాలో ఎంఎస్ చేస్తూ స్ప్రింగ్ బ్రేక్ ప్లాన్ చేసుకునేవాళ్లకూ మనసు లాగుతుంది. మాట నిజమే. టూరిస్టుగా వెళ్తే 90 రోజుల వరకు మనకు వీసా అవసరం లేదు. చిక్కల్లా అక్కడికి చేరే దారిలోనే ఉంది.

అసలు పరీక్ష మధ్యలోనే!

ఇండియా నుంచి బార్బడోస్‌కు నేరుగా విమానం లేదు. ఎక్కడో ఒకచోట మారాల్సిందే. మారే చోట్లలో ఎక్కువగా కనిపించేవి మూడు: లండన్, అమెరికా నగరాలు, టొరంటో.

అమెరికాలో మన ఎయిర్‌పోర్టుల్లో ఉన్నట్టు ‘ఇంటర్నేషనల్ ట్రాన్సిట్’ అనేది ఉండదు. మయామీలో రెండు గంటలు ఆగి ఇంకో విమానం ఎక్కేవాళ్లు కూడా ఇమిగ్రేషన్ దాటాల్సిందే. అంటే టూరిస్ట్ వీసా గానీ, సీ1 అనే ట్రాన్సిట్ వీసా గానీ చేతిలో ఉండాలి. కెనడాలోనూ మన పాస్‌పోర్టుకు ట్రాన్సిట్ వీసా అడుగుతారు. లండన్‌లో ఎయిర్‌పోర్టు దాటి బయటికి రాకపోయినా, భారతీయులకు ఎయిర్‌సైడ్ ట్రాన్సిట్ వీసా కావాలి. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా లాంటి దేశాల వీసా ఇప్పటికే ఉంటే మినహాయింపు దొరుకుతుంది, కానీ దానికీ షరతులున్నాయి. టికెట్ కొనే ముందు బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చూసుకోండి. ఏజెంట్ నోటిమాట మీద వెళ్లొద్దు.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. బుకింగ్ యాప్‌లో అన్నిటికంటే పైన, అన్నిటికంటే చవకగా కనిపించే టికెట్ మీద చిన్న అక్షరాల్లో ‘సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్’ అని ఉంటుంది. రెండు వేర్వేరు కంపెనీల టికెట్లను యాప్ అతికించి చూపిస్తోందన్నమాట. మధ్యలో మన సూట్‌కేసు మనమే తీసుకుని, మళ్లీ చెక్ ఇన్ చేయాలి. సూట్‌కేసు తీసుకోవాలంటే ఇమిగ్రేషన్ దాటాలి. అది దాటాలంటే మామూలు ఎంట్రీ వీసాయో, బయటికి వచ్చే ట్రాన్సిట్ వీసాయో ఉండాలి. దిగింది హీత్రోలో, తర్వాతి విమానం గాట్విక్‌లో అయినా ఇదే కథ. మొదటి విమానం లేటై రెండోది తప్పిపోతే డబ్బు కూడా వెనక్కి రాదు. అందుకే మొత్తం ప్రయాణం ఒకే పీఎన్‌ఆర్ మీద ఉందా లేదా అన్నది ధర కంటే ముందు చూడాల్సిన విషయం.

వీసా తలనొప్పి తగ్గుతుందని కొందరు పనామా మీదుగానో, పక్కనున్న ట్రినిడాడ్ మీదుగానో రూట్ వేస్తారు. ఆ రెండూ మన ప్రభుత్వం ఎల్లో ఫీవర్ దేశాలుగా చూసే జాబితాలో ఉన్నాయి. బార్బడోస్ లేదు. ఎయిర్‌పోర్టు లోపలే ఉండి విమానం మారితే ఫర్వాలేదు గానీ, బయటికి వచ్చి ఒక రాత్రి గడిపి, ఆరు రోజుల్లోపు ఇండియాలో దిగితే మాత్రం టీకా సర్టిఫికెట్ చూపించాలి. లేకపోతే క్వారంటైన్‌లో పెట్టొచ్చు. టీకా వేయించుకున్న పదో రోజు నుంచే సర్టిఫికెట్ చెల్లుతుంది. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. ఒక్కసారి వేయించుకుంటే జీవితకాలం పనికొస్తుంది.

అమెరికాలో చదువుతుంటే...

మన తెలుగు విద్యార్థులకు అక్కడి నుంచి బార్బడోస్ దగ్గర. న్యూయార్క్ నుంచి ఐదు గంటల లోపే. ఎఫ్1 వీసా స్టాంప్ చెల్లుబాటులో ఉంటే పెద్దగా ఆలోచించక్కర్లేదు. ఐ20 మీద కాలేజీ వాళ్ల ట్రావెల్ సిగ్నేచర్ తాజాగా ఉందో లేదో చూసుకుంటే చాలు.

స్టాంప్ గడువు ముగిసిపోయినవాళ్లకే అసలు సందేహం. ‘బయటికెళ్తే మళ్లీ రానిస్తారా?’ అని. ఆటోమేటిక్ రీవాలిడేషన్ అనే నిబంధన ఒకటుంది. కెనడా, మెక్సికోలతో పాటు క్యూబా మినహా చుట్టుపక్కల దీవులకు 30 రోజులకు మించకుండా వెళ్లొస్తే, ఎఫ్1 విద్యార్థి పాత స్టాంప్‌తోనే తిరిగి అడుగుపెట్టొచ్చు. ఆ దీవుల జాబితాలో బార్బడోస్, జమైకా, బహామాస్ ఉన్నాయి. చదువు హోదా సక్రమంగా ఉండాలి, ఐ94 చెల్లుబాటులో ఉండాలి, ఆ ట్రిప్‌లో కొత్త వీసాకు దరఖాస్తు చేసి ఉండకూడదు. ‘ఎలాగూ బ్రిడ్జ్‌టౌన్‌లో అమెరికా ఎంబసీ ఉంది కదా, స్టాంపింగ్ కూడా కానిచ్చేద్దాం’ అనుకుంటే ఈ వెసులుబాటు మొత్తం పోతుంది. వీసా వచ్చేదాకా దీవిలోనే ఉండాలి. వినడానికి బాగానే ఉంటుంది, హోటల్ బిల్లు చూసేదాకా.

ఈ నిబంధన గురించి ఎయిర్‌లైన్ కౌంటర్లో ఉన్న అందరికీ తెలియదు. అమెరికా కస్టమ్స్ విభాగం వెబ్‌సైట్‌లోని ఆ పేజీని ప్రింట్ తీసి పాస్‌పోర్టులో పెట్టుకోండి. హెచ్1బీలో ఉన్న అన్నయ్యనో అక్కనో వెంట తీసుకెళ్తున్నారా? వాళ్లకు ఈ సౌకర్యం కెనడా, మెక్సికోలకే పరిమితం. దీవులకు వర్తించదు. ఒకే ఇంట్లో ఉన్న ఇద్దరికి రెండు రూల్స్! రూల్స్ మారుతూనే ఉంటాయి కాబట్టి, టికెట్ కొనే ముందు కాలేజీలో ఇంటర్నేషనల్ ఆఫీసు వాళ్లకు ఒక మెయిల్ పెట్టి, రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

అక్కడే పని దొరుకుతుందంటే?

ఈ పేజీ చదివేవాళ్లకు ఇది చెప్పకుండా వదిలేయలేను. ‘వీసా లేకుండా కరీబియన్ పంపిస్తాం, అక్కడ హోటల్ ఉద్యోగం, తర్వాత అమెరికా’ అని చెప్పే ఏజెంట్లు ఉంటారు. వీసా అక్కర్లేదన్నది సందర్శనకే. ఆ ఎంట్రీ మీద పని చేయడం చట్టవిరుద్ధం. వర్క్ పర్మిట్ విడిగా ఉండాలి. 2023 డిసెంబరులో మధ్య అమెరికాలోని నికరాగ్వాకు వెళ్తున్న విమానాన్ని ఫ్రాన్స్‌లో ఆపేస్తే, అందులో 303 మంది ప్రయాణికులున్నారు. ఎక్కువమంది మనవాళ్లే. మానవ రవాణా అనుమానంతో ఆపారు. అలాంటివి జరిగాక, ఆ వైపు వన్‌వే టికెట్‌తో వెళ్లే పాతికేళ్ల కుర్రాణ్ని ఇమిగ్రేషన్ అధికారి నాలుగు ప్రశ్నలు ఎక్కువ అడగడంలో వింతేముంది? రిటర్న్ టికెట్, హోటల్ బుకింగ్, బ్యాంక్ స్టేట్‌మెంట్, ఆఫర్ లెటర్ లేదా కాలేజీ ఐడీ... ఇవన్నీ కాగితాల మీద ఉండాలి. ఫోన్‌లో ఉన్నాయంటే, సరిగ్గా కౌంటర్ ముందే చార్జింగ్ అయిపోతుంది.

రిమోట్ జాబ్ ఉన్నవాళ్లకు సక్రమమైన దారి ఒకటుంది. 2020లో బార్బడోస్ ‘వెల్‌కమ్ స్టాంప్’ అనే 12 నెలల వీసా మొదలుపెట్టింది. వేరే దేశపు కంపెనీకి పనిచేస్తూ అక్కడ ఉండొచ్చు. కాకపోతే ఏడాదికి కనీసం 50 వేల అమెరికన్ డాలర్ల సంపాదన చూపించాలి. ఒక్కరికి ఫీజే 2 వేల డాలర్లు. ఫ్రెషర్ ప్యాకేజీతో అయ్యే పని కాదు. నాలుగైదేళ్ల తర్వాత పనికొస్తుందని పక్కన రాసిపెట్టుకోండి.

దిగాక...

ఇమిగ్రేషన్ ఫారం ఆన్‌లైన్‌లో నింపేది ప్రభుత్వ సైట్‌లోనే. అచ్చం అలాగే కనిపిస్తూ డబ్బు అడిగే సైట్లుంటాయి, అడ్రస్ చివర ‘గవ్ డాట్ బీబీ’ ఉందో లేదో చూడండి.

బార్బడోస్ డాలర్ విలువ 1975 నుంచి మారలేదు. ఒక అమెరికన్ డాలర్‌కు రెండు బార్బడోస్ డాలర్లు. అమెరికన్ నోట్లు దాదాపు అన్ని దుకాణాల్లో తీసుకుంటారు, చిల్లర మాత్రం స్థానిక డబ్బులో ఇస్తారు. టాక్సీవాలా ‘నలభై’ అంటే ఏ డాలర్లని అడగండి. అక్కడ టాక్సీలకు మీటర్ ఉండదు, ఎక్కకముందే ధర తేల్చుకోవాలి. తేడా సరిగ్గా రెట్టింపు మరి. రెస్టారెంట్ మెనూ ధర మీద 17.5 శాతం వ్యాట్, సర్వీస్ చార్జ్ కలుస్తాయో, ముందే కలిసి ఉన్నాయో కూడా చూసుకోండి. ఫోన్‌పే, గూగుల్ పే మీద ఆశ పెట్టుకోకుండా ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చేసిన కార్డు, కొంత నగదు తీసుకెళ్లండి.

డబ్బు మిగిలేది బస్సుల్లో. కొన్నేళ్లుగా ఎంత దూరమైనా 3.50 బార్బడోస్ డాలర్లే. ప్రభుత్వ బస్సులు నీలం రంగు, పసుపు చార. వాటిలో చిల్లర ఇవ్వరు, సరిపడా డబ్బు ఉండాలి. పసుపు రంగు ప్రైవేటు మినీబస్సులు, ‘జెడ్‌ఆర్’ అనే తెల్ల వ్యాన్లు మన షేర్ ఆటోల్లాంటివే. గట్టిగా పాటలు, ఇంకా గట్టిగా డ్రైవింగ్. ఇంకొకరికి చోటుందంటూనే ఉంటారు. స్టాపుల మీద ‘టు సిటీ’, ‘అవుట్ ఆఫ్ సిటీ’ అని రాసి ఉంటుంది. సిటీ అంటే బ్రిడ్జ్‌టౌన్. ఎక్కగానే, దుకాణంలో అడుగుపెట్టగానే ‘గుడ్ మార్నింగ్’ చెప్పడం అక్కడి మర్యాద. చెప్పకుండా నేరుగా ‘ఇదెంత?’ అంటే ముఖం ముడుచుకుంటారు.

కుళాయి నీళ్లు నిక్షేపంగా తాగొచ్చు. సున్నపురాతి పొరల్లోంచి వడకట్టుకుని వచ్చే భూగర్భజలం అది. బాటిల్ కొనే ఖర్చు లేదు. తిండి విషయానికొస్తే, శుక్రవారం రాత్రి ఆయిస్టిన్స్‌లో నిప్పుల మీద కాల్చిన చేపలకు ఊరంతా వస్తుంది. శాకాహారులకు కాస్త కష్టమే అయినా రోటీ ఆదుకుంటుంది. మన పుల్కా కాదు, లోపల ఆలూ కూర పెట్టి చుట్టి ఇస్తారు. పసుపు రంగులో ఉండే పెప్పర్ సాస్‌ను ఆవకాయ తినే ధైర్యంతో కుమ్మరించుకోకండి, ముందు చుక్క వేసుకుని చూడండి.

బీచ్‌లన్నీ అందరివీ. ఎంత ఖరీదైన హోటల్ ముందున్న ఇసుకైనా సరే కూర్చోవచ్చు. ఈతకు పడమటి తీరం మేలు, అలలు మెత్తగా ఉంటాయి. తూర్పున బాత్‌షీబా దగ్గర అట్లాంటిక్ అందంగా ఉంటుంది గానీ లోపలికి లాగేస్తుంది, ఒడ్డు నుంచే చూడాలి. తీరం వెంట కొన్ని చెట్ల మొదళ్లకు ఎర్ర రంగు పూసి ఉంటుంది. అవి మాంచినీల్. చిన్న పచ్చి యాపిల్‌లా కనిపించే కాయ విషం, పాలు తగిలితే బొబ్బలెక్కుతాయి. వానొస్తే ఆ చెట్టు కింద నిలబడినా అంతే. ఇంకోటి, మిలటరీ చుక్కల ప్యాంట్లు, టోపీలు సర్దుకోకండి. ఆ డిజైన్ సైనికులు తప్ప ఎవరూ వేసుకోకూడదని అక్కడ చట్టం ఉంది. పిల్లలకైనా మినహాయింపు లేదు.

ఎప్పుడు వెళ్లాలి? డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా వాతావరణం బాగుంటుంది, ధరలూ అప్పుడే ఎక్కువ. జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు హరికేన్ సీజన్. మిగతా దీవుల వరుసకు తూర్పుగా ఉండటంతో బార్బడోస్‌కు దెబ్బలు తక్కువే. 1955లో జానెట్ తర్వాత మళ్లీ హరికేన్ నేరుగా తాకింది 2021లో, ఎల్సా. కానీ బెరిల్ విషయంలో చూశాంగా, పక్క నుంచి వెళ్లినా విమానాలు ఆగుతాయి. ఆ నెలల్లో వెళ్తే ట్రావెల్ ఇన్సూరెన్స్ టికెట్‌తో పాటే తీసుకోవాలి. తుపానుకు పేరు పెట్టేశాక కొన్న పాలసీ ఆ తుపానుకు మామూలుగా పనిచేయదు. తిరిగొచ్చే తేదీకీ జాయినింగ్ తేదీకీ మధ్య కనీసం వారం ఖాళీ ఉంచండి.

చివరిగా ల్యాప్‌టాప్ సంగతి. ప్లగ్గులు అమెరికా రకం, చదునైన పిన్నులవి, కరెంటు 115 వోల్టులు. అడాప్టర్ ఇక్కడే కొనుక్కోండి. బార్బడోస్ మనకంటే తొమ్మిదిన్నర గంటలు వెనక ఉంటుంది. హెచ్‌ఆర్ ఉదయం పదింటికి వీడియో కాల్ అంటే అక్కడ అర్ధరాత్రి పన్నెండున్నర. మెయిల్‌కు ‘ఓకే’ కొట్టేముందు ఆ లెక్క చూసుకోండి, హోటల్ వైఫై ఆ వేళకు ఎలా ఉంటుందో కూడా ముందు రాత్రే పరీక్షించుకోండి.