పుంజు దాణా – పిల్లల పుట్టుక

హైదరాబాదు నగరమునకు తూర్పున, విజయవాడకు పోవు రాజమార్గముపై హయత్‌నగరు కలదు. మహమ్మద్ కులీ కుతుబ్‌షా కుమార్తె హయత్ బక్షీ బేగము పేర వెలసిన ఈ ఊరు నేడు మహానగరములో కలిసిపోయినది. ఇది చేరియున్న రంగారెడ్డి జిల్లా కోళ్ల పెంపకమునకు పేరొందినది.

ఒక పెట్ట పండ్రెండు గ్రుడ్లను పొదిగినదనుకొందము. 21 దినములు గడచినవి. ఆరు పిల్లలు మాత్రమే బయటికి వచ్చినవి. ఇల్లాలు వెంటనే పెట్టను నిందించును. దానిని అమ్మివేయ నెంచును. కాని దోషము పెట్టదేనా?

పొదుగ మొదలిడిన ఏడవ దినమున గ్రుడ్డును చీకటిగదిలో దీపమున కెదురుగా పట్టి చూడవలెను. పిల్ల పెరుగుచున్న గ్రుడ్డులో ఎఱ్ఱని రక్తనాళములు సాలెగూటివలె కనిపించును. ఫలదీకరణము చెందని గ్రుడ్డు తేటగా నుండును. తేట గ్రుడ్లు ఎక్కువైనచో పుంజును గూడ పరీక్షింపవలెను. సామాన్యముగా పది పెట్టలకు ఒక పుంజు నుంచుదురు. ఆ ఒక్కటి బలహీనమైనచో పది పెట్టల గ్రుడ్లకును నష్టము కలుగును.

పుంజు సంతానశక్తికిని దాణాకును సంబంధమేమి? శుక్రకణమును చుట్టియుండు పలుచని పొరలో కొవ్వు ఆమ్లములు ప్రధానమైనవి. పెట్ట శరీరములోని సన్నని నాళములలో శుక్రకణములు రెండు మూడు వారములు సజీవముగా నుండగలవు. అంతకాలము నిలుచుటకును, చురుకుగా కదలుటకును ఆ పొర మృదువుగా నుండవలెను. దానికి కావలసిన కొన్ని కొవ్వు ఆమ్లములను ప్రాణి తనంతట తయారు చేసికొనజాలదు, ఆహారమునుండియే పొందవలెను. 1929లో అమెరికాలో బర్ దంపతులు ఎలుకలపై ప్రయోగములు చేసి ఇట్టి ఆమ్లముల ఆవశ్యకతను లోకమునకు తెలిపిరి. మొక్కజొన్న, సోయాచిక్కుడు, ప్రొద్దుతిరుగుడు నూనెలలో లినోలియిక్ ఆమ్లము సమృద్ధిగా నున్నది. అవిసె గింజలలోను, చేపనూనెలోను ఒమేగా-3 అను మఱియొక తెగ ఆమ్లము లున్నవి.

అట్లయిన పుంజుకు నూనె విరివిగా పోసిన చాలునా? చాలదు. ఈ ఆమ్లములు ప్రాణవాయువుతో కలిసి త్వరగా చెడును. నిలువయున్న నూనె కంపుకొట్టుట మన మెఱిగినదే. శుక్రకణపు పొరకును ఇట్టి ఆపదయే కలదు. దానిని కాపాడునవి ఇ విటమినును, సెలీనియమును. అందుచేతనే నూనెలు చేర్చి చేసిన ప్రయోగములు కొన్నిట మేలు కనిపించగా, కొన్నిట కనిపించలేదు. దాణా మితిమీరిన పుంజు కొవ్వెక్కి మందమగును. అందువలన పెద్ద క్షేత్రములలో పుంజులకు వేరుగా, కొలత ప్రకారము మేత పెట్టుదురు.

కోళ్లను గూర్చిన పరిశోధనకై 1988లో హైదరాబాదులోని రాజేంద్రనగరున కేంద్రసంస్థ నెలకొనినది. పెరటి పెంపకమునకు తగిన వనరాజ, గ్రామప్రియ జాతులు అచటనే రూపొందినవి.

“పిండి కొద్దీ రొట్టె” యని పెద్దల మాట. పిండి యెంత యనుటయే గాక, అది యెట్టిదో యనుటయు ముఖ్యము. పొదుగులో పిల్లలు తగ్గినప్పుడు మూగజీవమైన పెట్టను నిందించుటకు ముందు, పుంజు మేతతొట్టిని ఒకమారు చూచుట వివేకవంతుల లక్షణము.