వెబ్‌పేజీ నుంచి పీడీఎఫ్‌కు: తెలుగు పాఠం ఎక్కడ చెదురుతుంది?

గోదావరిఖని, రామగుండం ప్రాంతాల బొగ్గుగని సాహిత్యంపై పరిశోధించేవారికి నేడు ఆకరాలలో కొంత భాగం అంతర్జాల పత్రికలలో లభిస్తుంది. పత్రిక ఆగితే ఆ పేజీలూ కనుమరుగు కావచ్చు. కనుక వాటిని చిన్న ప్రోగ్రాముతో పీడీఎఫ్‌లుగా మార్చి భద్రపరచుకోవడం అవసరమే. అయితే అలా భద్రపడేది పాఠమా, పాఠం బొమ్మా అన్నది ఇక్కడ పరిశీలించవలసిన ప్రశ్న.

కోడ్ చేసే పని సూత్రప్రాయంగా సరళం. పప్పెటీర్ వంటి లైబ్రరీ క్రోమ్ బ్రౌజరును తెర లేకుండా నడిపి, పేజీని తెరిచి, ముద్రణకు పంపినట్లే పీడీఎఫ్‌లోకి పంపుతుంది. ఫాంట్లు పూర్తిగా దిగేవరకు కోడ్ వేచి ఉండాలి. కంప్యూటరులో తెలుగు ఫాంటే లేకపోతే అక్షరాల చోట ఖాళీ గళ్లు వస్తాయి. ఈ లోపం కంటికి తెలుస్తుంది కాబట్టి ప్రమాదం తక్కువ.

కంటికి తెలియని లోపం వేరొకటి ఉంది. యూనికోడ్‌లో 'ర్మి' అనేది ర, పొల్లు, మ, గుడి అనే క్రమంలో నిల్వ ఉంటుంది. కాగితంపై మాత్రం గుడి రకారం మీద నిలుస్తుంది, మకారం ఒత్తుగా కిందికి దిగుతుంది. పీడీఎఫ్ ప్రధానంగా దాచేది ఫాంటులోని ఆకృతులను, వాటి స్థానాలను. ఏ ఆకృతి ఏ వర్ణానిదో తెలిపే పట్టిక విడిగా ఉంటుంది. ఆకృతులను కనిపించే వరుసలోనే చదివితే 'కార్మికుడు' కాస్తా 'కారి్మకుడు'గా, 'సమ్మె' 'సమె్మ'గా బయటికి రావచ్చు. పేజీ చూడటానికి నిర్దుష్టంగానే ఉంటుంది. 'కార్మిక' అని వెతికితే ఫలితం శూన్యం. సంయుక్తాక్షరం లేని 'బాయి' వంటి మాండలిక పదం మాత్రం చెక్కుచెదరదు! పదాల ఆవృత్తిని కంప్యూటరుతో లెక్కించే పరిశోధకుడు గని కథల్లో సమ్మె ప్రస్తావనే లేదని నిర్ధారించే ప్రమాదం ఇక్కడే ఉంది.

2011లో వెలువడిన పీడీఎఫ్/ఎ-2 ప్రమాణంలోని 'యు' స్థాయి పాఠానికంతటికీ యూనికోడ్ విలువలు ఉండాలంటుంది. విలువ ఉండటం వేరు, క్రమం సరిగా ఉండటం వేరు. కాబట్టి ఆ ముద్ర చూసి నిశ్చింతగా ఉండటం తగదని నా అభిప్రాయం. పీడీఎఫ్ సిద్ధమైన వెంటనే పీడీఎఫ్‌టుటెక్స్ట్ వంటి సాధనంతో పాఠాన్ని వెలికితీసి, ఖాళీలను, పంక్తి విరుపులను తొలగించి, అదే కోడ్‌లో మూలపాఠంతో పోల్చాలి. తేడా వస్తే ఫాంటునో, సాధనాన్నో మార్చి చూడాలి. అప్పటికీ కుదరకపోతే పీడీఎఫ్‌ను చదవడానికే ఉంచుకొని, వెతకడానికి మూల యూనికోడ్ పాఠాన్ని, పేజీ చిరునామాతో, సేకరించిన తేదీతో, పక్కనే మరో ఫైలుగా దాచాలి.