లింక్ అగ్రిగేషన్, స్పానింగ్ ట్రీ

కంప్యూటర్ నెట్‌వర్కులలో రెండు స్విచ్‌ల మధ్యనున్న అనేక కేబుళ్ళను కలిపి ఒకే మార్గముగా వాడుకొనే పద్ధతిని లింక్ అగ్రిగేషన్ అంటారు. స్విచ్‌ల మధ్య వలయములు ఏర్పడకుండా అదనపు మార్గములను మూసి ఉంచే పద్ధతి స్పానింగ్ ట్రీ. ఈ రెండూ ఒకే నెట్‌వర్కులో కలిసి పనిచేస్తాయి.

చరిత్ర

స్పానింగ్ ట్రీని 1985లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో రేడియా పెర్ల్‌మన్ రూపొందించింది. ఇది 1990లో ఐ.ఇ.ఇ.ఇ. 802.1డి ప్రమాణమైనది. వేగముగా స్పందించే దీని రూపము (802.1డబ్ల్యు) 2001లో వచ్చినది. లింక్ అగ్రిగేషన్‌కు 2000లో 802.3ఎడి ప్రమాణము వెలువడినది. 2008లో అది 802.1ఎఎక్స్‌గా మారినది.

వలయము వలన ప్రమాదము

ఐ.పి. ప్యాకెట్టుకు ఆయుఃపరిమితి ఉన్నది. ఈథర్‌నెట్ ఫ్రేముకు లేదు. అందువలన వలయములో చిక్కిన బ్రాడ్‌కాస్ట్ ఫ్రేము తిరుగుతూ, నకళ్ళు పెరిగి, క్షణాలలో నెట్‌వర్కు మొత్తము స్తంభించిపోతుంది.

ఉదాహరణ

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములలో ఒక్కొక్క స్విచ్ ఉన్నదనీ, ప్రతి రెండింటి మధ్య 1 గిగాబిట్ కేబుల్ ఉన్నదనీ ఊహిద్దాము. ఇది త్రిభుజాకార వలయము. జగిత్యాల స్విచ్ మూలము (రూట్) అయితే, కోరుట్ల–సిరిసిల్ల మార్గము ఒక కొసన మూయబడుతుంది.

ఇప్పుడు జగిత్యాల–కోరుట్ల మధ్య రెండవ కేబుల్ వేస్తే, స్పానింగ్ ట్రీ దానిని కూడా వలయముగా భావించి మూసివేస్తుంది. ఖర్చు పెట్టి వేసిన కేబుల్ ఖాళీగా ఉంటుంది. రెండింటినీ అగ్రిగేషన్‌తో కలిపితే స్పానింగ్ ట్రీకి అవి ఒకే పోర్టుగా కనిపిస్తాయి. ఒక కేబుల్ తెగినా రెండవది పనిచేస్తుంది, వృక్షము మారదు. రెండూ తెగితే మూసి ఉన్న మార్గము తెరచుకొంటుంది. దీనికి పాత పద్ధతిలో 50 సెకన్ల వరకు పట్టవచ్చును. కొత్త పద్ధతిలో సాధారణముగా కొద్ది సెకన్లలోపే జరుగుతుంది.

మార్గపు విలువ

1 గిగాబిట్ మార్గపు విలువ 20000. అనేక స్విచ్‌లు కలిపిన కేబుళ్ళ మొత్తము వేగమును లెక్కిస్తాయి: రెండు కలిస్తే 10000, నాలుగు కలిస్తే 5000. తక్కువ విలువ గల మార్గమే ఎంపిక అవుతుంది. జగిత్యాల–సిరిసిల్ల, సిరిసిల్ల–కోరుట్ల మార్గములలో నాలుగేసి కేబుళ్ళు కలిపి, జగిత్యాల–కోరుట్ల మధ్య ఒక్క కేబుల్ ఉంచితే, చుట్టుదారి విలువ 10000, నేరుదారి విలువ 20000 అవుతాయి. కనుక నేరుదారే మూయబడుతుంది.

జాగ్రత్తలు

* ఒక కొసన మాత్రమే కేబుళ్ళను కలిపి, రెండవ కొసన విడిగా వదిలివేయరాదు. కలిపిన వైపు స్విచ్ తన స్పానింగ్ ట్రీ సందేశమును ఒక్క కేబుల్‌పైననే పంపుతుంది. అవతలి స్విచ్ రెండవ కేబుల్‌ను వలయముగా గుర్తించలేక తెరచి ఉంచవచ్చును. అప్పుడు పంపిన ఫ్రేములు వెనుకకు తిరిగివచ్చి, చిరునామాల పట్టిక తారుమారవుతుంది.
* ఎల్.ఎ.సి.పి. వాడితే రెండు కొసలూ అంగీకరించిన తరువాతనే కేబుళ్ళు కలుస్తాయి; పై పొరపాటుకు అవకాశము తగ్గుతుంది.
* రెండు కేబుళ్ళు కలిపినంత మాత్రాన ఒక్క ఫైలు బదిలీ రెట్టింపు వేగముతో జరుగదు. ఒక సంభాషణకు చెందిన ఫ్రేములు క్రమము తప్పకుండా ఒకే కేబుల్‌పై పోతాయి.
* అగ్రిగేషన్ ఉన్నదని స్పానింగ్ ట్రీని ఆపివేయరాదు. రెండు స్విచ్‌ల మధ్య జోడింపును మొదటిది చూసుకొంటుంది. మూడవ స్విచ్ ద్వారా ఏర్పడే వలయమును రెండవదే ఆపగలదు.

ఇవి కూడా చూడండి

* ఈథర్‌నెట్
* నెట్‌వర్క్ స్విచ్